మొదటి చెంచా

(ఏడో భాగం)

పాఠకులు సువార్తను వీధి తలుపు దగ్గర వదిలి వెళ్ళి వారమైంది. పాపం, ఆ పిల్ల ఇంకా అక్కడే ఉంది. ఒక చెయ్యి తలుపు పిడి మీద, రెండో చేతిలో జావ గిన్నె. ఎదురుగా మెట్ల మీద, మంచు అంటిన బూట్లతో ఇల్కా. టవలు చుట్టిన ఫ్లాస్కును చంటిపిల్లను ఎత్తుకున్నట్టు గుండెలకు ఆనించుకుని, "నువ్వు తినందే తను తినని తాతగారి ఇల్లు ఇదేనా?" అని అడిగింది.

అవును, ఇదే. ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఆకుపచ్చ తలుపు ఉన్న ఇటుకల ఇల్లు. మిస్టర్ హాలర్ అనే ఎనభై ఆరేళ్ళ ముసలాయన ఇందులో మంచం పట్టి ఉన్నాడు. సువార్త తల్లి జ్ఞానమ్మ ఆయనకు ప్రైవేటు నర్సు. పగలు హాస్పిటల్లో డ్యూటీ చేసుకుని ఆరింటికి ఇక్కడికి వస్తుంది. స్కూలు బస్సు దిగిన దగ్గర్నుంచి తల్లి వచ్చేదాకా ఆయన పక్కన కూర్చునేది సువార్త. దానికి పదహారేళ్ళు. దివిసీమలో, నాగాయలంక అవతల ఒక పల్లెలో పదో తరగతి దాకా చదివి, ఎనిమిది నెలల కిందటే అమెరికా వచ్చింది. ఎవరైనా పలకరిస్తే తల వంచుకుని తన కాలి వేళ్ళను లెక్కపెట్టుకునే రకం.

ఈ ఇంట్లో మొదటి రోజే ఆమెకు ఒక మాట చెప్పారు. చెప్పినవాడు గ్రెగర్. అరవై దాటిన మనిషి, ముసలాయన మేనల్లుడినని చెప్పుకుంటాడు. "మొదటి చెంచా నువ్వు తినాలి. తర్వాత ఇరవై నిమిషాలు ఆయనకు ఏవైనా కబుర్లు చెప్పు. అప్పుడుగానీ ఆయన తినరు" అన్నాడు. ఎంగిలి చెంచా పెద్దవాళ్ళకు పెట్టడమేమిటని బెదిరిపోయి సువార్త తనకోసం వేరే చెంచా పెట్టుకుంది. అంతకుమించి ఆమెకు ఏ అనుమానమూ రాలేదు.

రాదు మరి. నాలుగేళ్ళ కిందట, తల్లి అమెరికాలో ఉండగా, ఉప్పెన వచ్చి ఊరంతా కొట్టుకుపోగా, చర్చి కప్పు మీద మిగిలింది సువార్త, వాళ్ళ జోసఫ్ తాత. తాత పంచె కొంగులో నానిపోయిన అన్నం ముద్ద ఒక్కటే ఉంది. దాన్ని విప్పి, "ముందు నువ్వు తిను" అన్నాడు. ఆమె తిన్నాక తనకు ఆకలి లేదన్నాడు. మూడో రోజు పడవ వచ్చేసరికి ఆయన లేడు. ముందు నిన్ను తినమనేవాడు నీకోసం ప్రాణం పెట్టేవాడే అని ఆ కప్పు మీద ఆ పిల్లకు తెలిసిపోయింది. ఇంకో రకం మనుషులుంటారని ఎవరూ చెప్పలేదు.

అందుకే గడిచిన ఆదివారం తెలుగు చర్చిలో సాక్ష్యాల వేళ, వారమంతా కార్ల ఫ్యాక్టరీలో పనిచేసి ఆదివారం వాక్యం చెప్పే ప్రేమానందం గారు "ఇంకెవరన్నా ఉన్నారా?" అనగానే సువార్త లేచి నిలబడింది. వెనక వరసలో కరుణమ్మ ఆంటీ, "నీ కడుపు చల్లగుండ, ఈ పిల్లకి నోరుందటే జ్ఞానమ్మా!" అని తల్లి మోచేతిని పొడిచింది. దేవుడు తనకు మళ్ళీ ఒక తాతను ఇచ్చాడనీ, తను తినందే ఆ తాత ముట్టడనీ, ఆయన ఇప్పుడు చావుబతుకుల్లో ఉన్నాడు కాబట్టి అందరూ ప్రార్థించాలనీ చెప్పి సువార్త కూర్చుంది. ఆడవాళ్ళు కొంగులతో కళ్ళు తుడుచుకున్నారు. ఆ హాలు తుడిచే ఇల్కాకు తెలుగు ఒక్క ముక్క రాదు. వీళ్ళెందుకు ఏడుస్తున్నారని పాస్టరు గారిని అడిగింది. ఆయన ఇంగ్లీషులో చెప్పారు. ఇల్కా నీళ్ళ బకెట్‌ను హాలు మధ్యలోనే వదిలేసి బయటికి వెళ్ళిపోయింది.

ఇప్పుడు, అడ్రసు ఎవరినడిగి తెలుసుకుందో, మళ్ళీ ఈ తలుపు దగ్గర కనబడింది.

*

జబ్బుపడ్డవాళ్ళను చూడటానికి తినేదేదో పట్టుకుని రావడం మన సంఘాల్లో ఉన్నదే. అదే అనుకుంది సువార్త. "రండి ఆంటీ" అని లోపలికి పిలిచి, వంటింట్లో కుర్చీ వేసి, తల్లికి ఫోన్ చేసింది.

"అమ్మా, తాతగారిని చూట్టానికి ఒకావిడ వచ్చింది."

"ఎవరే? గ్రెగర్ ఏడీ?"

"మందులషాపుకి వెళ్ళాడు. రోడ్లన్నీ ఐస్ కట్టినయ్యంట, లేటవుద్దంట. ఈవిడ మన చర్చి హాలు క్లీన్ చేసే ఆవిడమ్మా."

"ఆవిడకీ ఆ ఇంటికీ ఏంటే సంబంధం? ఎందుకు రానిచ్చావ్?"

"సూప్ తెచ్చిందమ్మా. ఇంత చలిలో నడిచొచ్చింది. ఎట్టా పొమ్మనేది?"

అవతల ఎవరో జ్ఞానమ్మను పిలిచారు. "ఇక్కడ డాక్టర్ రౌండ్స్‌కి వచ్చాడే, నేను పోవాలి. చూడు, బ్రీతింగ్ కౌంట్ చేసి చార్ట్‌లో రాయి. ఎన్ని చెంచాలు తాగాడో టైమ్ వేసి రాయి. మర్చిపోయావంటే వీపు చీరేస్తా. ఆవిణ్ణి బూట్లు విప్పమను, కార్పెట్ పాడవుద్ది."

ఇల్కా అప్పటికే బూట్లు విప్పి, తలుపు పక్కన జాగ్రత్తగా జత చేసి పెట్టింది. జీవితమంతా ఇతరుల నేలలు తుడిచిన మనిషి. ఆమెకు యాభై ఏళ్ళు ఉంటాయి. ఇద్దరిదీ ముక్కలు ముక్కలుగా వచ్చే ఇంగ్లీషే. ఒకరి తప్పులు ఒకరికి అడ్డం రాలేదు.

"ఎట్లా ఉన్నాడు?" అంది ఇల్కా.

"మూడు రోజులుగా రెండు చెంచాలకంటే దిగడం లేదు ఆంటీ. డాక్టర్ ఇవాళో రేపో అన్నాడు. మొన్న బూట్లు పాలిష్ చేయించి మంచం పక్కన పెట్టించుకున్నారు. ఇప్పుడు పట్టించుకోవడం లేదు. కళ్ళు తెరిచినప్పుడల్లా 'ఎంత దూరంలో ఉన్నారు?' అని అడుగుతారు. మా అమ్మ గురించేమో అని, ఆరింటికి వచ్చేస్తుందని చెబుతాను."

ఇల్కా పెదవుల మీద నవ్వులాంటిది వచ్చి పోయింది. "నువ్వు మొదటి చెంచా తిన్నాక ఇరవై నిమిషాలు ఏం చేస్తావు?"

"కథలు చెబుతాను. మా ఊరి కాలవ గురించి, ఉప్పెన గురించి. తాతగారికి కథలంటే చాలా ఇష్టం."

"గడియారం చూస్తాడా?"

"చూస్తారు."

"కథ అయ్యాక చూస్తాడా, మధ్యలో చూస్తాడా?"

సువార్త గుర్తు తెచ్చుకుంది. మధ్యలోనే చూస్తారు. ఉప్పెన నీళ్ళు తాడిచెట్టు మొవ్వు దాకా లేచిన చోట కూడా ఆయన కళ్ళు గోడ మీదే ఉంటాయి. తర్వాత మళ్ళీ తన ముఖం మీదికి వస్తాయి. పెదాల రంగు చూస్తాయి.

"మా అక్కకి కూడా కథలు బాగా వచ్చు" అంది ఇల్కా. కోటు లోపలి జేబులోంచి ఒక కవరు తీసి బల్ల మీద పెట్టింది. పసుపు పచ్చబడ్డ పాత కవరు. మూలన తపాలా బిళ్ళ. బిళ్ళ మీద టోపీ పెట్టుకున్న ఒక మనిషి, పక్కకి తిరిగిన ముఖం, చెవి తమ్మె కింద చిన్న గాటు.

ఆ గాటును సువార్త రోజూ తడిగుడ్డతో తుడుస్తుంది.

"ఈయన పేరు హాలర్ కాదు" అంది ఇల్కా. "దోరెక్. మార్షల్ దోరెక్. మా కార్వేనియాను పదకొండేళ్ళు ఏలాడు. పక్క దేశాల మీద యుద్ధానికి పోయి మా ఊళ్ళలో మగపిల్లల్ని లేకుండా చేశాడు. ఓడిపోయాక తన కొండకోటలో తనే నిప్పు పెట్టుకుని చచ్చిపోయాడని మాకు చెప్పారు. కాలిన శవాన్ని చూపించారు. మా ఊళ్ళో గంటలు కొట్టారు. నాకప్పుడు పన్నెండేళ్ళు. గంట తాడు పట్టుకుని లాగినవాళ్ళలో నేనూ ఉన్నాను."

వంటింటి కిటికీ అవతల ఎదురింటాయన మంచును పారతో పక్కకు తోస్తున్నాడు. రోజూ చూసే మనిషే. ఎంతో దూరాన ఉన్నట్టు కనబడ్డాడు. ముప్పై ఏడేళ్ళ కిందట చచ్చిపోయాడని ఒక దేశం దేశమంతా గంటలు కొట్టిన మనిషికి, తను నిన్న గోళ్ళు కత్తిరించింది.

"మా అక్క పేరు యానా. పదహారేళ్ళు. కోటలోకి తీసుకెళ్ళారు. మొదటి చెంచా తినడమే ఉద్యోగం. మా ఇంట్లో అందరం సంబరపడ్డాం, మార్షల్ గారి గిన్నెలోంచి తింటుందని. ఈ ఉత్తరంలో రాసింది చూడు: 'నేను తినందే ఆయన తినడు. నాకు కథలు చెప్పమంటాడు.'" ఇల్కా కవరులోంచి తీసిన కాగితం మీద ఆ వాక్యాన్ని వేలితో తాకింది. "నువ్వు చెప్పిన మాటే. అందుకే బకెట్ వదిలేసి పోయాను."

"తర్వాత?"

"ఓడిపోతున్న రోజుల్లో, ఆఖరి వారం. శత్రువు రెండు కొండల అవతల ఉన్నాడు. ఎవరో సూప్‌లో ఏదో కలిపారు. మా అమ్మ ఆ కోట వంటింట్లో గిన్నెలు కడిగేది, తలుపు సందులోంచి చూసింది. పన్నెండో నిమిషంలో యానా కథ ఆగిపోయింది. కుర్చీలోంచి కిందికి జారింది. ఆయన లేవలేదు. గడియారం చూసుకుని 'గిన్నె మార్చండి' అన్నాడు."

సువార్త బల్ల అంచు పట్టుకుంది. "ఆయన అట్లాంటి వారు కాదాంటీ. నా రిబ్బను ఊడితే చెబుతారు. బిస్కెట్లు నాకని దాచిపెడతారు."

"ఆ బిస్కెట్లు ముందు ఎవరు తింటారు?"

ఇంత పెద్ద సంగతి ఇంత చిన్న ప్రశ్నలో ఎట్లా పట్టిందా అని ఆ పిల్ల కంటనీరు పెట్టడం కూడా మర్చిపోయి చూస్తూ ఉండిపోయింది. చివరికి అడిగింది, "ఇప్పుడు ఎందుకొచ్చారు?"

"చూడ్డానికి. నా కళ్ళ ముందు నీ చేతికి ఆ చెంచా ఇస్తాడా అని." ఇల్కా జేబులోంచి ఒక కాగితం తీసింది. దాని మీద పత్రికాఫీసు ఫోన్ నంబరు ఉంది. "ఇస్తే, దీనికి ఫోన్ చేస్తాను. లోకం మొత్తం ఈ వీధిలోకి వస్తుంది. చావబోయే ముందు తన పేరు తను వింటాడు."

సువార్త ఫ్లాస్కు వైపు చూసింది. "ఇందులో ఏమైనా కలిపారా?"

"యానా కూడా వంటవాళ్ళను రోజూ అదే అడిగేదట" అంది ఇల్కా. "రోజూ లేదనే చెప్పేవాళ్ళు."

సువార్త గిన్నె కడిగింది. సూప్ ఒంపింది. బార్లీ గింజలు, సోంపు వాసన వేసే సన్నటి ఆకు. రెండు చెంచాలు తీసింది, ఒకటి తనది, ఒకటి ఆయనది. ఆమెకు భయం వేయలేదని కాదు. కానీ ఆ తలుపు అవతల ఉన్నది తాతో కాదో ఇల్కా కంటే తనకే ఎక్కువ తెలియాలి. తెలుసుకోవడానికి ఆ ఒక్క చెంచా దారి తప్ప ఇంకో దారి లేదు.

*

గదిలో హీటర్ వెచ్చదనం, కర్పూరం కలిపిన నూనె వాసన. కిటికీలోంచి మంచు వెలుతురు దుప్పటి మీద పడుతోంది. ఆ దుప్పటి కింద మనిషి ఉన్నట్టే తెలియడం లేదు. తల మాత్రం దిండు మీద ఉంది, తపాలా బిళ్ళ మీద ఉన్నట్టే ఒక పక్కకు తిరిగి.

చెంచా గిన్నెకు తగిలిన చప్పుడుకు ఆయన కళ్ళు తెరిచాడు.

"ఎంత దూరంలో ఉన్నారు?"

సువార్తకు ఇప్పుడు అర్థమైంది ఆ ప్రశ్న ఎవరి గురించో. ఆమె వెనకనుంచి ఇల్కా ముందుకొచ్చింది.

"వచ్చేశాం" అంది.

ఆయన చాలాసేపు ఆమె ముఖంలోకి చూశాడు. ఆమె కవరును దుప్పటి మీద, ఆయన చేతికి అందేటట్టు పెట్టింది. వాళ్ళ భాషలో ఒక్క మాట అంది. అందులో 'యానా' అన్నది ఒక్కటే సువార్తకు తెలిసింది. ముసలాయన వేళ్ళు కవరు మీద పాకాయి. తన బొమ్మ మీదికి వెళ్ళలేదు. చేతిరాత మీద ఆగాయి.

సువార్త స్టూలు మీద కూర్చుంది. ఎప్పటిలాగే తన చెంచాను గిన్నెలో ముంచింది. ఎప్పటిలాగే ఆయన కళ్ళు గోడ గడియారం మీదికి లేచాయి. నాలుగూ పది. అవి అట్లా లేవడం చూసి ఆ పిల్ల గుండెలో ఏదో తెగిపోయింది. ఇల్కా చెప్పింది అంతా నిజమే. చర్చిలో అంతమంది ముందు చెప్పుకున్న తాత లేడు, ఎప్పుడూ లేడు.

ఇల్కా చేతిలో ఫోన్ నంబరు కాగితం నలిగింది.

సువార్త చెంచాను పెదాల దాకా తెచ్చింది.

దుప్పటి కదిలింది. మూడు రోజులుగా నీళ్ళ గ్లాసు కూడా ఎత్తలేని చెయ్యి అందులోంచి బయటికి వచ్చి ఆమె మణికట్టును పట్టుకుంది. నరాలు తప్ప కండలేని చెయ్యి. ఆ పట్టు మాత్రం ఇనుము. అంత బలం ఏ మూల దాచుకున్నాడో, ఎన్నాళ్ళనుంచి దాచుకున్నాడో!

"వద్దు, లిటిల్ వన్" అన్నాడు.

చెంచాలోది దుప్పటి మీద ఒలికింది. ఆయన ఆ చెంచానే, సువార్త చెంచానే, ఆమె వేళ్ళలోంచి విడిపించుకుని గిన్నెలో ముంచాడు. చెయ్యి వణికి సగం గడ్డం మీద పడింది. మిగతాది మింగాడు. గడియారం చూడలేదు. రెండోసారి ముంచాడు. మింగాడు. మూడోసారికి చెయ్యి లేవకపోతే సువార్త తన చేత్తో ఆసరా ఇచ్చింది. ఆ మూడు చెంచాల మధ్య ఆయన చూపు ఇల్కాను వదల్లేదు. క్షమించమని అడగడం లేదు. బతిమాలడం లేదు. ఇదిగో, చూడు, అన్నట్టుంది.

ఇల్కా అదిరిపడింది. ఆమె దేనికైనా సిద్ధపడి వచ్చింది గానీ దీనికి కాదు. గడ్డం మీద కారుతున్న సూప్ మెడలోకి జారబోతుంటే, ఆమె చెయ్యి ఆమెను అడక్కుండానే ఫ్లాస్కు టవలుతో దాన్ని తుడిచేసింది. తర్వాత ఆ చేతిని తనది కాదన్నట్టు ఎదురుగా పెట్టుకుని చూసుకుంది.

ముసలాయన కళ్ళు మూసుకున్నాడు. పెదాలు కదిలాయి. "యానా" అన్నట్టే ఉంది. ఊపిరే కావచ్చు.

తల్లి నేర్పినట్టు సువార్త ఊపిరులు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఒకటి. చాలాసేపటికి రెండు. ఇంకా చాలాసేపటికి మూడు. రెండు ఊపిరుల మధ్య ఆ ఖాళీ పెరిగి పెరిగి, గదినంతా నింపేసింది. ఉప్పెన తీసిన తెల్లవారి చర్చి కప్పు మీదినుంచి చూస్తే లోకమంతా నీళ్ళు, నీళ్ళ మీద ఆకాశం, ఎక్కడా చప్పుడు లేదు. ఆ నిశ్శబ్దమే మళ్ళీ ఇక్కడికి వచ్చి నిలబడింది. జోసఫ్ తాత పోయినప్పుడు వచ్చింది, ఈ మనిషి పోతున్నప్పుడూ వచ్చింది. ఇద్దరికీ ఒకటే. అంత మంచివాడికీ ఇంత చెడ్డవాడికీ అది తేడా చూపించకపోవడం ఆ పిల్లకు అన్నిటికంటే ఆశ్చర్యంగా, భయంగా ఉంది. ఒక్క మాటతో సైన్యాలను కదిలించిన నోరు తెరుచుకుని ఉంది. మరో ఊపిరి కోసం ఆమె ఎదురు చూసింది. అది రాలేదు.

వీధిలో మంచు తోసే లారీ వెళ్ళింది. కిటికీ అద్దం కాస్త అదిరి ఊరుకుంది.

సువార్త లేచి, తల్లి చెప్పినట్టే చార్ట్ తీసుకుని రాసింది. టైమ్ తప్పు వేయలేదు. నాలుగూ పది: సూప్, మూడు చెంచాలు. నాలుగూ ఇరవై ఏడు: ఊపిరి ఆగింది.

మణికట్టు మీద ఎర్రగా నాలుగు వేళ్ళ గుర్తులున్నాయి. వాటిని రెండో చేత్తో పట్టుకుని, "నన్ను తిననివ్వలేదు చూశారా ఆంటీ?" అంది.

ఇల్కా కాగితాన్ని చింపి జేబులో వేసుకుంది. ఆమె ముఖం నీళ్ళతో తడిసిపోయింది. "చూశాను. కానీ అది ప్రేమే అనుకోకు. బాగా అలసిపోయినవాళ్ళు కూడా అట్లాగే చేస్తారు." ఒక అడుగు వేసి మళ్ళీ ఆగింది. "ఏదైనా కానీ, యానాకి అది దొరకలేదు."

*

గ్రెగర్ మందుల సంచితో వచ్చేసరికి పావుతక్కువ ఐదైంది. గుమ్మంలో పరాయి బూట్లు చూసి ఒక్క పరుగున గదిలోకి వచ్చాడు. మంచం చూశాడు. మడమలు కలిపి, చేతులు కిందికి చాచి, సైనికుడిలా నిటారుగా నిలబడ్డాడు. మేనల్లుడు అట్లా నిలబడడు. గ్రెగర్ ఆ మార్షల్ సైనికుడేనని సువార్తకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

తర్వాత గిన్నె చూశాడు. ఫ్లాస్కు చూశాడు. దుప్పటి మీద కార్వేనియా బిళ్ళ ఉన్న కవరు చూశాడు. ఇల్కాను చూశాడు. చార్ట్ అందుకుని చదివాడు.

"పదిహేడు నిమిషాలు" అన్నాడు మెల్లగా. "మొదటి చెంచా ఎవరు తిన్నారు?"

గ్రెగర్ సువార్త వైపు తిరిగాడు.

"నిన్నే, అమ్మాయీ. ఎవరు తిన్నారు?"

"ఆయనే తిన్నారు."

గ్రెగర్ ముఖం సున్నం కొట్టినట్టయింది. "నలభై ఏళ్ళు. నలభై ఏళ్ళలో ఒక్క పూట ఆ నియమం తప్పలేదు. ఇవాళ ఒక కార్వేనియా మనిషి సూప్ తెచ్చింది, ఇవాళే తప్పింది, పదిహేడు నిమిషాల్లో..." ఫోన్ ఎత్తాడు. "పోలీసుల్ని పిలుస్తాను. నా పేరు చెబుతాను, ఆయన పేరు చెబుతాను, నాకేమైనా కానీ. హంతకురాలు పోకుండా ఉంటే చాలు. మీ అమ్మ లేనప్పుడు ఎవరో తెచ్చింది పెట్టావు. ఆవిడ నర్సు లైసెన్స్ కూడా పోతుంది."

"ఆయన ఎట్లాగూ పోతారని డాక్టరే చెప్పాడు" అంది సువార్త.

"అది డాక్టర్లు తేలుస్తారు."

ఇల్కా గోడకు ఆనుకుని నిలబడింది. నేను కలపలేదు అనలేదు. కలిపాను అనలేదు. ఎవరు నమ్ముతారని అనుకుందో, లేక ఇంక ఏ మాటా అక్కర్లేదనుకుందో. గ్రెగర్ వేలు డయల్ రంధ్రంలో పడి ఒక చుట్టు తిరిగింది.

అప్పుడు, ఆదివారం హాల్లో లేచినట్టే, సువార్త లేచింది. స్టూలు పక్కన చల్లబడ్డ గిన్నె ఉంది. దుప్పటి మీద తన చెంచా ఉంది, చచ్చిపోయిన మనిషి ఎంగిలి చేసిన చెంచా. పెద్దవాళ్ళకు తన ఎంగిలి తగలకూడదని వేరే పెట్టుకున్న చెంచా. దాన్ని తీసుకుని, గిన్నెలో ముంచి, ఎవరూ అడ్డుపడేలోగా నోట్లో పెట్టుకుంది.

చల్లటి బార్లీ. ఉప్పు కొంచెం తక్కువైంది. మింగింది.

గ్రెగర్ చేతిలో ఫోన్ ఆగిపోయింది.

"మొదటి చెంచా నేనే తిన్నాను" అంది సువార్త. ఎప్పుడూ చెప్పులకేసి చూసే పిల్ల ఆయన కళ్ళలోకి చూసింది. "మీ నియమం ప్రకారం ఇరవై నిమిషాలు ఆగండి. నాకేం కాకపోతే ఆంటీ ఇంటికి వెళ్ళిపోతుంది. మీరు ఎవరికీ ఫోన్ చెయ్యరు."

గ్రెగర్ గడియారం చూశాడు. నాలుగూ యాభై రెండు. అలవాటు అంత గట్టిది. ఫోన్ పెట్టేశాడు. సువార్త పెదాల రంగు చూస్తూ ఎదురుగా కుర్చీలో కూర్చున్నాడు.

గోడ దగ్గర ఇల్కా మెల్లగా కిందికి జారి, నేల మీద చతికిలబడి, రెండు చేతులతో నోరు మూసుకుంది. అది దుఃఖమో, ఇంకేదో తెలుసుకోవాలని సువార్త ఆమె వైపు చూడబోయి, చూడకూడదనుకుని ఆగింది.

మంచం పక్కనే, తన స్టూలు మీద, ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చుంది. ఇన్నాళ్ళూ ఆమె కథ ఇరవై నిమిషాల్లో ఉప్పెన నీళ్ళ దాకానే వచ్చి ఆగిపోయేది. చర్చి కప్పు దాకా ఏ రోజూ రాలేదు. ఆ సంగతి ముసలాయన వినకుండానే పోయాడు. ఇవాళ అక్కడినుంచే ఎత్తుకుంది.

"మా తాత పంచె కొంగులో ఒకే ఒక్క అన్నం ముద్ద ఉంది..."

గోడ మీద పెద్దముల్లు ఒక గీత ముందుకు జరిగింది.